జడలో తడి

మూడు రోజుల తర్వాత నోట్లో తడి ఊరింది. అంతవరకూ నాలుక ఎండు తోలుముక్కలా అంగిటికి అంటుకుపోయి ఉండేది. దూదిని నీళ్ళలో ముంచి పెదాలకు అద్దినా ఇసుక మీద చుక్క పడ్డట్టు ఇంకిపోయేది. ఇప్పుడు మాత్రం రెండు దవడల్లోంచి సన్నగా, చల్లగా ఉమ్మి ఊరుతోంది, మింగుతున్నాను, మళ్ళీ ఊరుతోంది, మళ్ళీ మింగుతున్నాను, హమ్మయ్య, బతికాను అనుకున్నాను. ఎదురుగా గోడ మీద గడియారం నాలుగు కావడానికి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. దాని పక్కనే ఇంకో గడియారం, అదీ అంతే చూపిస్తోంది. పొద్దున ఒకటే ఉండేది. ఇంత పెద్ద వార్డు, రెండు గడియారాలు ఉంటే తప్పేముంది, మధ్యాహ్నం నా కన్ను అంటుకున్నప్పుడు ఎవరో తెచ్చి తగిలించి ఉంటారు. రెప్పలు బరువుగా ఉన్నాయి. మూసుకుపోతున్నవాటిని కనుబొమలతో పైకి లాగి పట్టుకుంటున్నాను. నాలుగింటికి తలుపులు తీస్తారు, ఐదింటికి మూస్తారు. ఆ గంటసేపే బయటివాళ్ళని లోపలికి రానిస్తారు. అమ్మ వస్తుంది. ఆయన వస్తాడు. వాళ్ళొచ్చేసరికి లేచి కూర్చుని ఉండాలి, జుట్టు సరిచేసుకుని, పొద్దున డాక్టరు చెప్పిన మాట నేనే చెప్పాలి, రేపు పంపించేస్తారటమ్మా అని.

లేవబోయాను. తల కదల్లేదు. దిండుకు కుట్టేసినట్టుంది. ఇంకోసారి ప్రయత్నిద్దాంలే, తొందరేముంది అనుకున్నాను, నీరసం, మూడు రోజులుగా కడుపులో ఏమీ లేదాయె.

ఈ వార్డులో ఉన్న పన్నెండు మందిమీ మందు మనుషులమే. పురుగులకు కొట్టేదాన్నీ మందే అంటాం, దానికి విరుగుడుగా నరంలోకి ఎక్కించేదాన్నీ మందే అంటాం. పక్క మంచం దగ్గర తుడుస్తూ ఆయా ఒకసారి అంది, "మందు తాగొచ్చినవాళ్ళకి మందెక్కించి, మందుచీటీ చేతిలో పెట్టి పంపిస్తాం, ఇదీ మా ఉద్యోగం" అని. నవ్వొచ్చింది గాని నోరు ఎండిపోయి నవ్వు పెదాల దగ్గరే చీలిపోయింది. వార్డంతా ఒకటే వాసన, కిరసనాయిల్లో వెల్లుల్లి నానబెట్టి మరిచిపోయినట్టు. వచ్చినరోజు ఆ వాసనకు ముక్కు మూసుకున్న అమ్మ మర్నాటికల్లా అలవాటు పడిపోయింది. ఇక్కడ పనిచేసేవాళ్ళకైతే అది వాసనే కాదు, గోడకున్న రంగులాంటిది. ఎవరి నోట్లోంచి వస్తోందో, ఎవరి ఒంట్లోంచి వస్తోందో ఎవరూ పట్టించుకోరు.

మొదటి రెండు రోజులు నేనిక్కడ లేను. ఎక్కించిన విరుగుడు మనిషిని అలా చేస్తుందట, పెద్ద సిస్టర్ తర్వాత చెప్పింది. ఫ్యాను రెక్కలకు గులాబీలు పూశాయట, చేతులు పైకి చాచి తెంపుతూనే ఉన్నానట, మొగ్గ విచ్చుకోకముందే కొయ్యాలి, కాడ జానెడు ఉండాలి అని పక్క మంచాలవాళ్ళకి పని నేర్పానట. సూది పీకేసుకుంటున్నానని చేతులు రెండూ గుడ్డతో మంచానికి కట్టారు. ఆ కట్టిన గుర్తు ఇంకా ఉంది మణికట్టు మీద. పెద్ద సిస్టర్ అని అందరూ ఆవిణ్ణి పిలవడానికి వయసూ కారణం కావచ్చు, ఒళ్ళూ కారణం కావచ్చు, నడిస్తే చెప్పులు కీచుమంటాయి, ఆ చప్పుడు వినిపిస్తే ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆగుతారు. అరగంటకోసారి వచ్చేది. కళ్ళలో టార్చి కొట్టేది, రొమ్ము మీద గొట్టం పెట్టి వినేది, చంకలో చెయ్యి పెట్టి తడి ఉందా పొడిగా ఉందా చూసేది. చక్కిలిగింత పుట్టేది కూడా. మా ఆయన ఈ ఆరేళ్ళలో నన్ను ఇంత శ్రద్ధగా చూళ్ళేదు అనుకున్నాను ఆ మత్తులోనే. కొత్తగా చేరిన నర్సులకి కాబోలు చెబుతోంది, కంటిపాప ఆవగింజంత ఉందంటే విషం పైచెయ్యి అయినట్టు, పెద్దదవుతుంటే మనది పైచెయ్యి, గుండె వేగం చూసి భయపడి మందు తగ్గించకండి, ఊపిరితిత్తుల్లో గురగుర పోవాలి, చంకలు పొడిబారాలి, నోరు ఎండాలి, తడి తిరిగొచ్చిందంటే నన్ను పిలవండి. ఆ మాట నా చెవిన పడింది. నిన్న ఆవిడ సెలవు. ఇవాళ పొద్దున విరుగుడు చుక్కలు సగానికి తగ్గించారు. ఆ మాటనీ, నోట్లో ఊరుతున్న ఈ తడినీ ఒకదానితో ఒకటి కలిపి చూడాలని నాకు తోచలేదు. దాహం తీరుతోంది కదా అని సంతోషించాను.

తలుపులు తెరుచుకున్నాయి. చెప్పుల చప్పుళ్ళు, సంచుల గరగర, ఎవరిదో దగ్గు. అమ్మ రెండుగా వచ్చింది, ఒక అమ్మ మీద ఇంకో అమ్మ సగం పడి ఉంది, కళ్ళు చికిలించితే ఒకటయింది. మంచం అంచున కూర్చుని నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. మంచానికున్న ఇనపకమ్మీని రెండు చేతుల్తో పట్టుకుని, దాని పెచ్చులూడిన రంగును బొటనవేలితో గీకుతున్నాడు.

"చిన్నది అడుగుతోందే, అమ్మెప్పుడొస్తుందని. పక్కింటావిడ దగ్గర వదిలొచ్చాను. రాత్రి నీ చీర కప్పుకుని పడుకుంది."

చెప్పాలి, రేపొస్తానని చెప్పమనాలి. "రేపు" అన్నాను. మాట ముక్కులోంచి వచ్చింది, జలుబు చేసినవాళ్ళలా, దూరంగా ఎవరో అన్నట్టుంది. మింగడానికి మళ్ళీ ఉమ్మి ఊరింది. ఈసారి గొంతులో కొంచెం అడ్డం తిరిగింది.

"నీరసంగా ఉంది పిల్ల, మాట్లాడించకండి" అన్నాడు ఆయన.

అమ్మ మాట్లాడకుండా ఉండలేదు. ఎవరైనా చచ్చిపోతే ఏడుస్తూ మాట్లాడుతుంది, బతికితే మాట్లాడుతూ ఏడుస్తుంది. "ఎంత పని చేశావే తల్లీ. నీకేం తక్కువైందే. మొగుడూ పెళ్ళాలన్నాక మాటా మాటా రాదా. నాకొక్క ఫోను చేసుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కదే. ఆ సీసా ఎత్తేటప్పుడు చిన్నది గుర్తు రాలేదా నీకు."

సీసా. ఏ సీసా. తాగలేదమ్మా అనాలి, నిన్న కూడా ఇదే అనాలనుకున్నాను, అప్పుడు నాలుక ఎండిపోయి రాలేదు, ఇప్పుడు నాలుక తడిగానే ఉంది గాని పైకి లేవడం లేదు, నోట్లో ఎవరిదో నాలుక పెట్టినట్టుంది. "తా..." అన్నాను. "తాగుతావా" అని అమ్మ నీళ్ళ గ్లాసు అందుకుంది. కాదు. చెంచాతో రెండు చుక్కలు పోసింది, ఒకటి లోపలికి పోయింది, ఒకటి పెదవి మూల నుంచి చెవిలోకి జారింది.

తాగానా. అందరూ అంటున్నారు, డాక్టరు అట్టమీద రాసుకున్న కాగితంలో ఉంది, ఆయా అంది, పక్క మంచం ముసలామె అంది, "నేను కోడలి మీద కోపంతో తాగాను, నువ్వెందుకు తాగావ్" అని, ఏదో ఒకే ఊరి బస్సు ఎక్కినవాళ్ళం మాట కలుపుకున్నట్టు. ఇంతమంది అబద్ధం ఆడతారా. చస్తానన్న మాట కూడా నాదే. ముందురోజు సాయంత్రం గుమ్మంలో నిలబడి నేనే అరిచాను, రేపట్నుంచి ఆ గులాబీల షెడ్డుకి రాను, నా కళ్ళు మండుతున్నాయి, నా చేతుల తోలు ఊడుతోంది, ఆయనేమో ఇద్దరం వెళ్తేనే పని ఇస్తామన్నారు, నువ్వు రాకపోతే నాకూ లేదు, తెలిసే మాట్లాడుతున్నావా అని, అప్పుడన్నాను, ఇలా రోజూ కొంచెం కొంచెం పీల్చి చచ్చేకంటే ఒక్కసారే తాగి చస్తాను, నీకు పీడా పోతుంది. వీధిలో కుళాయి దగ్గర నలుగురు ఉన్నారు, బిందెలు నిండి పొర్లుతున్నా కుళాయి కట్టకుండా విన్నారు. అవునూ, అన్నదాన్ని తాగి ఉండనా. గుర్తు తెచ్చుకుందామంటే ఆ మర్నాటి ఉదయం ముక్కలు ముక్కలుగా ఉంది. ప్లాస్టిక్ పైకప్పు మీద ఎండ పాలలా తెల్లగా పరుచుకోవడం గుర్తుంది. వరసలు గుర్తున్నాయి. ఆ తర్వాత కడుపులో పేగులు పిండినట్టు నొప్పి, కళ్ళలోంచి ముక్కులోంచి నోట్లోంచి నీళ్ళు, పిక్కల్లో తోలు కింద పురుగులు పాకినట్టు కదలిక, లోకం చీకటిపడ్డట్టు మసకబారడం. మొదట చూపించిన చిన్న ఆసుపత్రిలో ఎండదెబ్బ అన్నారని లీలగా గుర్తుంది. మధ్యలో ఏముంది. మధ్యలో ఒక సీసా పెట్టి చూశాను. పట్టింది. ఆకుపచ్చ మూత, చేత్తో తిప్పితే తిరిగింది కూడా. నోట్లో చేదు కూడా తెలిసింది. చేదుగా ఉంటుందా అది, ఏమో, చేదుగానే ఉండాలి కదా. చిన్నదాన్ని పక్కన పెట్టుకుని, దాని పుస్తకానికి అట్ట వెయ్యాలని కాగితం కొని తెచ్చి, ఆ కాగితం చుట్ట విప్పకుండానే సీసా మూత విప్పానన్నమాట. అలాంటిదాన్నన్నమాట నేను. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ఏడుపుకో, ఊరికే కారాయో. అమ్మ పైటతో తుడిచింది.

"పోనీలే, అయిందేదో అయింది, ఏడవకు. చూడు తల ఎలా అట్ట కట్టిందో. మూడు రోజులైంది దువ్వెన పడక. ఇలాగే ఇంటికొస్తే చిన్నది చూసి జడుసుకుంటుంది."

సంచిలోంచి దువ్వెన తీసింది. నా భుజం కింద చెయ్యి పెట్టి పక్కకు ఒత్తిగిలించింది. తల నాతో రాలేదు, వెనకే ఉండిపోయింది, అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టి ఇటు తిప్పాల్సి వచ్చింది, కూజాను తిప్పినట్టు. "మరీ ఇంత బద్ధకమా" అని ముద్దుగా విసుక్కుంది. తలకు చుట్టి ఉన్న రుమాలు విప్పింది. వచ్చినరోజు ఒంటి మీద బట్టలు మార్చారు గాని జడను ముడేసి ఆ రుమాలు అలాగే ఉంచేశారు. ముడి విప్పింది. జడ పిరుదుల దాకా ఉంటుంది నాకు, అమ్మ పెంచిన జడ, చిన్నప్పుడు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని లాగి లాగి అల్లేది, కళ్ళు మీదికి లాక్కుపోయేంత బిగువుగా. నూనె పెట్టకుండా ఒక్కరోజు ఉండను. జడ పాయల్లోకి అమ్మ వేళ్ళు పోయాయి, ఒక పాయ విడింది, రెండో పాయ విడింది.

"తడిగా ఉందేమే లోపల" అంది అమ్మ.

వాసన వచ్చింది. వార్డు వాసనే, కాని దూరం నుంచి కాదు, నా మెడ దగ్గర్నుంచి, దిండులోంచి, నాలోంచి. ఆ వాసనతో పాటు మొత్తం వచ్చింది, సీసా లేదు, మూత లేదు, నాలుగో షెడ్డు, తొమ్మిదో వరస, ముందు ఆయన మందు కొట్టే గన్ను పట్టుకుని కొడుతున్నాడు, వెనక నేను పైపు భుజానేసుకుని లాగుతున్నాను, పైపు ముళ్ళకు తగలకుండా ఎత్తి పట్టుకోవాలి, బయట మోటారు డబడబలాడుతోంది, నా తల పక్కనే పైపు రెండు ముక్కలు కలిపిన చోట బిగింపు ఊడింది. చల్లగా ఉంది, మొదట తెలిసింది చల్లదనమే, ఆ ఉక్కలో హాయిగా కూడా అనిపించింది ఒక్క క్షణం, తర్వాత కళ్ళు. నెత్తిమీద నుంచి వీపంతా, జాకెట్టంతా. ఆపండి ఆపండి అని కేకేశాను. మోటారు ఆగింది. ఆయన వచ్చాడు, డ్రమ్ములో నీళ్ళు ముఖాన కొట్టాడు, తన మెడలో రుమాలు తీసి నా తలకు చుట్టాడు, అవును, ఆయనే చుట్టాడు, ఈ రుమాలే. బయట సూపర్‌వైజరు ఈల ఊదుతున్నాడు, పనివాళ్ళు అతన్ని ఈలబాబు అంటారు, మనిషికంటే ముందు ఈల వస్తుంది, పన్నెండింటికి పూల బండి వచ్చేస్తుంది, ఏం చేస్తున్నారక్కడ అని అరుస్తున్నాడు. ఆయన సైకిలు ట్యూబు ముక్కతో బిగింపు కట్టాడు. "ఇంకో రెండు వరసలే, అయిపోయాక ఇంటికెళ్ళి స్నానం చేద్దువుగాని" అన్నాడు. నేను పైపు మళ్ళీ భుజానేసుకున్నాను. ఇంటికి చేరలేదు. స్నానం చెయ్యలేదు. అంతే జరిగింది. తాగలేదు నేను. చిన్నదాన్ని విడిచిపెట్టి పోవాలనుకోలేదు నేను. ఎంత తేలికైందో ప్రాణం, అమ్మా తాగలేదే అని అరుద్దామనుకున్నాను, ఆ మాటకు సరిపడా గాలి లోపలికి రాలేదు. ఇంకొంచెం లాగాను. ఇంకొంచెం. పైపైనే తిరిగి వెళ్ళిపోతోంది, గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టంలా.

అయితే మరి ఆయనకు తెలుసు. ఆయన చేత్తోనే చుట్టాడు. ఇది వెంటనే తట్టలేదు. ఊపిరికి ఊపిరికి మధ్య నెమ్మదిగా తట్టింది. ఆయనకు తెలిసీ తాగిందని రాయించాడు. ఇన్నాళ్ళూ ఆ ఇనపకమ్మీ దగ్గర నిలబడి అమ్మ ఏడుస్తుంటే విన్నాడు.

ఆయనకేసి చూడాలనుకున్నాను. రెప్పలు లేవలేదు. సందులోంచి ఆయన చేతులు కనిపించాయి, కమ్మీని వదిలేశాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇప్పుడెందుకత్తయ్యా జడ, ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు" అన్నాడు. 

"ఘాటుగా ఉందేంటి బాబూ, కళ్ళు మండుతున్నాయి నాకు" అంటోంది అమ్మ. దువ్వుతూనే ఉంది. ముక్కు చీదుకుంది. దువ్వెన పళ్ళ మధ్య నుంచి ఒక చుక్క నా మెడ మీద పడింది.

చెప్పుల కీచు వినిపించింది. వార్డు మొదట్లో, తర్వాత మధ్యలో, తర్వాత నా మంచం దగ్గర. ఆగింది.

"పెద్దమ్మా, దువ్వెన కింద పెట్టండి. చేతులు దేనికీ తుడుచుకోకండి. ఆ మూల కుళాయి ఉంది, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కోండి, రెండుసార్లు. కళ్ళు ముట్టుకోకండి."

అమ్మ లేచింది. పెద్ద సిస్టర్ నా రెప్ప ఎత్తి టార్చి వేసింది. చంకలో చెయ్యి పెట్టింది, తీసి చూసుకుంది. రొమ్ము మీద గొట్టం పెట్టింది. ఆవిడ ముఖం నా ముఖానికి దగ్గరగా ఉంది, తమలో తామే ఏదో లెక్క వేసుకునేవాళ్ళ ముఖంలా.

"తల ఎత్తు తల్లీ. దిండు మీంచి ఒక్క బెత్తెడు."

ఎత్తాను. ఎత్తాననుకున్నాను.

"సరేలే. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టు. ఎంతవరకు రాగలిగితే అంతవరకు."

ఒకటి. రెండు. మూడు. నాలుగు అనేసరికి గాలి అయిపోయింది. నాలుగో ఏట మా చిన్నది ఒక్క ఊపిరిలో ముప్పై దాకా చెప్పి, ముఖం ఎర్రగా చేసుకుని, ఇంకా చెప్పనా అనేది. సిస్టర్ ఎవరినో పిలిచి డాక్టరుగారిని రమ్మను, ఆక్సిజన్ తే, చుక్కలు పెంచు అంది, ఒక్కో మాటా విడివిడిగా, కంగారు లేకుండా. చేతులకు తొడుగులు వేసుకుంది. నా జడ చివర పట్టుకుని ఎత్తి వాసన చూసింది. అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"ఏమయ్యా, తాగిన మందు జడలోకి ఎలా వచ్చింది?"

 పక్క మంచం ముసలామె దుప్పటి సర్దుకోవడం వినిపించింది.

"నిన్నే అడుగుతున్నాను. వాంతి పడిందంటావా? వాంతి నెత్తిమీద పడదు. జడ మొదట్లోంచి చివరిదాకా నానిపోయి ఉంది. మూడు రోజులుగా ఇది తోలులోంచి లోపలికి దిగుతూనే ఉంది. మేం పైనుంచి విరుగుడు పోస్తున్నాం, కింద నుంచి విషం ఎక్కుతోంది. ఇంకా ఎక్కడెక్కడ పడిందో నాకిప్పుడు తెలియాలి."

"పైపు ఊడింది సిస్టర్." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "తల మీద, వీపు మీద పడింది. రెండు గంటలు అలాగే ఉంది. తాగలేదు. మా సూపర్‌వైజరు తాగిందని చెప్పమన్నాడు. షెడ్డులో జరిగిందంటే షెడ్లన్నీ మూసేస్తారు, అందరి పనీ పోతుందన్నాడు. తాగినా మీద పడినా మందు మందే, వైద్యం ఒకటే అన్నాడు. అదే అనుకున్నాను సిస్టర్. నిజంగా అదే అనుకున్నాను."

"ఒకటి కాదయ్యా. తాగిందంటే కడుపు కడిగాం. మీద పడిందని చెప్పుంటే తల కడిగేవాళ్ళం."

కుళాయి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. అమ్మ విన్నదని నాకు తెలిసింది. తడిచేతులు ముందుకు చాచుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిదానిలా వచ్చి నిలబడింది.  నా కాళ్ళ దగ్గర వంగి, చేతులతో ముట్టకూడదు కదా, నుదురు నా పాదాలకు ఆనించింది. "తాగలేదటే నువ్వు" అంది. నాకే కొత్తసంగతి చెబుతున్నట్టు అంది. ఈ మూడు రోజుల్లో ఎవరూ నాతో అన్న మాటల్లో అంత తియ్యటి మాట లేదు.

కత్తెర చప్పుడు నాకు బాగా గుర్తుంది. జడ ఒక్కసారిగా తెగదు, తాడు కోసినట్టు పరపర కోశారు, ఒక్కో పాయకీ తల తేలికైపోతోంది. దాన్ని పసుపు రంగు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టారు. దిండు తీసేశారు, దుప్పటి తీసేశారు. సబ్బునీళ్ళు పోశారు, మళ్ళీ పోశారు, చెవుల వెనక, మెడ మడతల్లో, వీపంతా. ముక్కు మీద గట్టిగా ఏదో అదిమి పెట్టారు, అందులోంచి గాలి తోస్తున్నారు. డాక్టరు వచ్చాడు, పొద్దున రేపు పంపిద్దామన్న డాక్టరే, కాగితం మీద ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాశాడు. తర్వాత పెద్ద సిస్టర్ చెవి దగ్గర వంగింది. "నీ మెడ, రొమ్ము అలిసిపోయాయి తల్లీ. విషం పోయేదాకా కొన్నాళ్ళు నీ బదులు మెషిన్ పీలుస్తుంది. గొంతులో గొట్టం వేసేముందు నిద్రపుచ్చుతాం, నీకేం తెలీదు. వినపడుతోందా? అవునంటే నా వేలు ఒకసారి నొక్కు." నొక్కాను. వేలు లేచింది, సన్నగా అయినా నొక్కింది. ఒంట్లో మెడ పోయింది, రెప్పలు పోయాయి, ఊపిరి పోతోంది, చేతివేళ్ళు మాత్రం ఇంకా నావి. "శెభాష్" అంది.

ఆ మెషిన్ పదకొండు రోజులు పీల్చిందని, పన్నెండో రోజున గొట్టం తీస్తే నా గొంతు మొగగొంతులా బొంగురుపోయి చిన్నది భయపడి అమ్మ వెనక దాక్కుందని, అప్పటికి నా తలమీద వేలి మందానే జుట్టు ఉందని, అవన్నీ తర్వాతి సంగతులు. షెడ్డుకు ఎవరో అధికారులు వచ్చారు, ఆరు రోజులు మూశారు, ఏడో రోజు తెరిచారు. అందరి పనీ పోలేదు. ఆయన పని ఒక్కటే పోయింది. నేనూ చిన్నదీ ఇప్పుడు అమ్మ దగ్గర ఉంటున్నాం, ఆయన వారానికోసారి వస్తాడు, గుమ్మం బయట కుర్చీ వేస్తాం, చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దానితోనే మాట్లాడి వెళ్తాడు. మేము పోట్లాడుకోము. కోపం రావాలన్నా ఒకరికొకరు కొంచెం దగ్గరగా ఉండాలి.

ఆ రోజు ఐదు కావస్తోంది. బయటివాళ్ళందరూ వెళ్ళాలని ఎవరో చెబుతూ వస్తున్నారు. నా మంచం కింద చక్రాలకు కొక్కేలు తీస్తున్నారు. సిస్టర్ సూదిలోకి మందు లాగుతోంది. "ఒక్క నిమిషం సిస్టర్" అన్నాడు ఆయన. ఆవిడ సూదిలో గాలిబుడగ పోయేదాకా ఎత్తి చూస్తూ నిలబడింది.

ఆయన నా కుడిచెయ్యి తీసుకున్నాడు. అరచేయి చెమటగా ఉంది. చూపుడువేలి కింద, గన్ను మీట నొక్కి నొక్కి కాయ కాచిన చోటు, నాకు ఆ చోటు చీకట్లో కూడా తెలుసు. వంగాడు. ఆయన ఊపిరి నా చెంపకు తగిలింది, ఎంత ధారాళంగా వస్తోందో, పోతోందో, మనిషి దానికోసం ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే.

"నీకు వినపడుతోందని తెలుసు. నాకు తెలీక చేశాను. నీ మీద ఒట్టు, ఇలా అవుతుందని తెలీదు. నా మీద కోపం లేదని ఒక్కసారి నొక్కు. ఒక్కసారి చాలు."

కోపం ఉందా లేదా అని నేను వెతుక్కోలేదు. అంత వ్యవధి లేదు. ఆయన చెయ్యి ఎదురుచూస్తోంది, అందులో నా వేళ్ళు ఉన్నాయి, వాటిలో ఇంకా కొంచెం బలం ఉంది. ఒకసారి నొక్కడానికి సరిపడా ఉంది. అవతల అమ్మ ఎక్కడో, తడిచేతులతో, నా పేరు పిలుస్తోంది. ఆ కొంచెం బలాన్నీ ఊపిరికి దాచుకున్నాను.